దేవదానం చేసిన వందనాల రోబో

రేపల్లెలో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే దేవదానాన్ని అడిగి చూడండి, ఇంట్లో ఏదో ఒకటి పాడైతే తప్ప మనిషికి ఇంకో మనిషి గుర్తురాడని చెబుతాడు. అతని బతుకంతా అలాగే గడిచింది మరి. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయి నాలుగేళ్లయింది. అయినా ఒకప్పుడు ఒంటరితనమంటే ఏమిటో తెలియదు. "దేవదానం బాబాయ్, ఫ్యాను తిరగట్లేదు" అని ఏదో ఒక ఇంటి నుంచి కబురొచ్చేది. వెళ్లేవాడు, స్టూలెక్కేవాడు, దిగేసరికి కాఫీ సిద్ధంగా ఉండేది. భోజనాల వేళయితే తినందే పంపేవాళ్లు కాదు. పిల్లల మార్కులూ, అత్తాకోడళ్ల తగాదాలూ అన్నీ ఆ స్టూలు మీద నిలబడే విన్నాడు.

ఇప్పుడెవరు పిలుస్తారు? పాడైతే అవతల పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. ఏం మనుషులో ఏమిటో! ఫోను మోగిందని ఆత్రంగా తీస్తే ఏదో కంపెనీ ప్రకటన. అరవై దాటిన మనిషి పలకరింపుకు మొహం వాచిపోయాడు.

కిందటి వానాకాలం, కొట్లో ఈగలు తోలుకుంటూ కూర్చోలేక, ఒక రోబో చేయడం మొదలుపెట్టాడు. నూనె డబ్బా ఒళ్లయింది, పాలపొడి డబ్బా తలకాయయింది. సైకిలు వెనక మెరిసే ఎర్రబిళ్లలు రెండు కళ్లు, అరిగిపోయిన పళ్ల బ్రష్షు మీసం. చేతులకి తల్లి వాడిన గరిటెలే పెట్టాడు, ఒకటి పప్పుది, ఒకటి పులుసుది. ఎవరి పిల్లలో విరగ్గొట్టి వదిలేసిన జీపు బొమ్మ చక్రాలు కాళ్లకి పోయాయి, దాని మోటారు కడుపులోకి పోయింది. మీట నొక్కితే నాలుగడుగులు గునగునా నడిచి, ఆగి, గరిటెలు రెండూ టంగుమని జోడించి వందనం చేస్తుంది. చర్చికి పోయేవాడు చేసిన రోబోకి ఆ మాత్రం మర్యాద తెలియొద్దూ! మొదటిసారి అది చేతులు జోడించగానే దేవదానం "వందనాలండి" అని తిరిగి అనేశాడు. అని, సిగ్గేసి చుట్టూ చూశాడు. నవ్వడానికైనా ఎవరూ లేరు, అదే అసలు బాధ.

నవంబరులో చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ రోజు ఎవరి పంటలో మంచిది, ఎవరి పనిలో మంచిది వాళ్లు తెచ్చి దేవుడికి కానుకగా పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. సొరకాయలకీ, కాళ్లు కట్టేసిన కోడిపుంజుకీ నడుమ దేవదానం తన రోబోను నిలబెట్టాడు. అయితే పెట్టేముందు ఒక పని చేశాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు. చేతుల్ని ఆడించే పళ్ల చక్రం ఇత్తడిది తీసి దాచేసి, దాని చోట అరిగిపోయిన ప్లాస్టిక్ చక్రం బిగించాడు. అది వారం కూడా ఆగదని అతనికి తెలుసు. పాడవుతుంది, పిలుస్తారు, వెళతాడు. ఫోను నంబరు రోబో అడుగున పెయింటుతో రాశాడు. ముప్పయ్యేళ్లలో ఒక్క మర కూడా వదులుగా వదలని మనిషి, చివరికి దేవుడి కానుకలో చేశాడు ఈ మోసం.

రెండు వీధుల అవతలివాళ్లెవరైనా పాడుకుంటారని అతని ఆశ. తీరా చూస్తే, బాపట్ల నుంచి కుటుంబంతో పండుగకొచ్చిన ప్రతాప్, ఆరేళ్ల కూతురు కీర్తన చొక్కా పట్టుకుని లాగుతుంటే, వేలం పాడి తీసుకుపోయాడు. బాపట్లయితే ఏం, రైలుంది కదా అని దేవదానం సర్దిచెప్పుకున్నాడు.

వారం గడిచింది. రెండు వారాలు. అన్నం తింటున్నా ఫోను కంచం పక్కనే పెట్టుకునేవాడు. క్రిస్మస్ కూడా వెళ్లిపోయింది. ప్లాస్టిక్ చక్రం కూడా ఇంత గట్టిగా బిగించానేమిటని తన చేతుల మీద తనకే ఒళ్లు మండింది. ఇక ఉండబట్టలేక పాస్టరు అయ్యగారి దగ్గర చిరునామా తీసుకున్నాడు. స్క్రూడ్రైవరూ చక్రాలూ సంచిలో వేసుకుని, తెనాలిలో బండి మారి, బాపట్లలో దిగాడు.

తలుపు తీసింది ప్రతాప్ భార్య ప్రేమకుమారి.

"వందనాలు బాబాయ్ గారూ, రండి రండి. ఏంటి ఇంత దూరం వచ్చారు?"

"ఇటేదో పనుండి వచ్చానమ్మా. రోబో ఎలా ఉందో చూసి పోదామని."

ఆమె మొహం చిన్నబోయింది. "మూడో రోజుకే చేతులు ఆగిపోయాయండి."

"మరి ఫోన్ చెయ్యలేదేంటమ్మా?"

"దేవుడి కానుక కదండి. దానికి వంక పెట్టి మిమ్మల్ని ఎలా పిలుస్తాం? దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాం. మా కీర్తన మాత్రం తనే పాడుచేశానని ఒకటే ఏడుపు. రోజూ పడుకునేముందు ప్రార్థనలో క్షమించమని అడుగుతుందండి."

దేవదానానికి తల కొట్టేసినట్టయింది. ఆమె వెనకనుంచి కీర్తన తొంగిచూసింది. "నేను గట్టిగా నొక్కలేదు తాతా."

"నువ్వేం చెయ్యలేదమ్మా. తప్పంతా నాది. నేనే మంచి చక్రం వెయ్యలేదు."

"ఎందుకు వెయ్యలేదు?"

దేవదానం రోబోను తెప్పించి, నేలమీద కూర్చుని వీపు విప్పాడు. సంచిలో ఇత్తడి చక్రంతో పాటు అరిగిన ప్లాస్టిక్‌ది ఇంకొకటి కూడా ఉంది. చెయ్యి దానిమీదికే పోయింది. పిల్ల పక్కనే గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. దేవదానం ఇత్తడిదే తీసి బిగించాడు.

రోబో నాలుగడుగులు నడిచి వందనం చేసింది. కీర్తన కూడా చేతులు జోడించి దానికి వందనాలు చెప్పి, పకపకా నవ్వింది. ఆ పూట ప్రేమకుమారి చేపల పులుసుతో అన్నం పెట్టింది, వద్దంటున్నా మారు వడ్డించింది. కీర్తన బళ్లో కబుర్లన్నీ చెప్పింది. దేవదానం కావాలనే మెల్లగా తిన్నాడు.

వెళ్లేటప్పుడు తల్లీకూతుళ్లిద్దరూ గుమ్మం దాకా వచ్చారు.

"ఇంక పాడవదు కదా తాతా?"

"పాడవదమ్మా. నీ పిల్లలు ఆడుకున్నా పాడవదు."

"హమ్మయ్య, ఇంక మీకు ఇంత దూరం వచ్చే శ్రమ ఉండదు లెండి" అంది ప్రేమకుమారి, మనస్ఫూర్తిగానే.

"అవునమ్మా, ఉండదు" అని దేవదానం చెప్పులు వేసుకున్నాడు.