చిన్నమ్మలు పాఠం అప్పజెప్పించుకునే తీరు

నాకు కోపం ఎక్కువ. పార్వతీపురం నుంచి ఉద్యోగం మీద అరకు వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇక్కడి చలికి అలవాటు పడ్డాను గానీ కోపం మాత్రం తగ్గలేదు. అందుకే చిన్నమ్మలు గురించి చెప్పేముందు, మొదట్లో ఆవిడంటే నాకు ఒళ్ళు మండిపోయేదని ఒప్పేసుకోవడం మంచిది.

చిన్నమ్మలుది మా హైస్కూలుకి పైన, కొండ మీదున్న ఊరు. ఎకరంన్నర కాఫీ తోట, దాని పక్కన కాస్త రాజ్మా చేను. శుక్రవారం సంతలో ఆమె దగ్గర బేరమాడబోయినవాళ్ళు చివరికి నవ్వుకుంటూ ఆమె చెప్పిన ధరకే కొనుక్కుపోతారు. తిట్టదు, బతిమాలదు, తగ్గదు. బడికి ఎన్నడూ వెళ్ళలేదు. భర్త పోయాక తోటా, పిల్లా రెండూ ఒంటి చేత్తో చూసుకుంటోంది.

ఆ పిల్ల సాయిదుర్గ, పదో తరగతి. నేను చెప్పేది సైన్సు. నవంబరు పరీక్షలో సాయిదుర్గకి సైన్సులో వందకి పద్దెనిమిది వచ్చాయి. పాసవ్వాలంటే ముప్ఫై ఐదు కావాలి. ఆ పిల్లకేమో నర్సు కావాలని కోరిక. తల్లి ఒకటే మాట చెప్పేసింది: మార్చిలో తప్పితే మళ్ళీ పరీక్షకి పంపేది లేదు, తోట పనికి రావలసిందే. ఆ ఊళ్ళో అంతవరకూ పది దాటిన ఆడపిల్ల లేదు.

నేను తల్లిని బడికి పిలిపించాను.

"మీ అమ్మాయి ఇంటి దగ్గర పుస్తకం ముట్టుకోదా?" అని గట్టిగానే అడిగాను.

"ముట్టుకోకేటి మేస్టారూ! పొద్దస్తమానం సదువుతానే ఉంటాది. గుండె పాఠం అయిపోనాదని నిన్ననే సెప్పింది."

"అయిపోతే మార్కులేవీ?"

"ఒక పాఠం దగ్గిరికి మళ్ళీ ఎన్నిసార్లు ఎల్తాదండీ?"

గోడ మీదున్న నా టైమ్‌టేబుల్ చూపించాను. రోజుకో పాఠం. శ్రద్ధగా ఒకసారి చదివి ముగిస్తే మర్నాడు ఇంకో పాఠం. రంగు పెన్నులతో గళ్ళు నేనే గీశాను, దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. చిన్నమ్మలు అంతా విని నవ్వేసింది.

"కాఫీ అలగ తెంపితే సగం పచ్చికాయలే వత్తాయి మేస్టారూ. ఒక్క కొమ్మకే నాలుగుసార్లు తిరగాల. ఎర్రబడ్డ పండే తెంపాల. మిగిలింది పది రోజులాగి మళ్ళీ సూడాల."

అక్షరం రాని మనిషి నాకు చదువు చెప్పడమా! "అయితే మీరే చదివించుకోండి" అనేశాను. ఆమె దాన్ని వెటకారం అనుకోలేదు. "సరే మేస్టారూ" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏం జరుగుతోందో గుచ్చి గుచ్చి అడిగితే సాయిదుర్గ చెప్పింది. తల్లి తన చేత పాఠానికి పదేసి ప్రశ్నలు చీటీల మీద రాయించిందట. సాయంత్రం ఆరబెట్టిన కాఫీ ఎత్తేశాక ఇద్దరూ రాజ్మా కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. తల్లి ఒక చీటీ తీసి ఇస్తుంది. పిల్ల ప్రశ్న చదివి, పుస్తకం చూడకుండా జవాబు పైకి చెప్పాలి. తడుముకోకుండా చెబితే చీటీ పెద్ద బుట్టలోకి, మధ్యలో ఆగితే చిన్న బుట్టలోకి. చిన్న బుట్టలోవి మర్నాడే మళ్ళీ అడుగుతుంది. పెద్ద బుట్టలోవి పది రోజులకి.

జనవరి పరీక్షలో ముప్ఫై ఒకటి వచ్చాయి. ఇంకా నాలుగు తక్కువ. పెరిగినందుకు సంతోషించకుండా, తగ్గిన నాలుగూ పట్టుకుని నేను సణుక్కున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల చదువు చూద్దామని వచ్చానన్నాను గానీ, అసలు సంగతి ఆవిడ తప్పు పట్టుకుందామని. పట్టుకున్నాను కూడా.

అయితే ముందు నా తప్పే బయటపడింది. మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టేదేమిటన్న ప్రశ్న దగ్గర సాయిదుర్గ ఆగగానే నేను "నెఫ్రాన్" అని అందించబోయాను.

"మీరు ఊరుకోండి మేస్టారూ. దాన్నే ఎతుక్కోనీండి" అంది చిన్నమ్మలు.

ఊరుకున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. చివరికి పిల్లే చెప్పింది.

తర్వాతి చీటీ రక్తనాళాలది. "గుండె నుంచి ఒంట్లోకి రక్తం తీసుకుపోయేవి సిరలు. మళ్ళీ గుండెకి తెచ్చేవి ధమనులు" అని గడగడా చెప్పేసింది. చిన్నమ్మలు తృప్తిగా చీటీని పెద్ద బుట్టలో వేసింది.

"తప్పు. తిరగేసి చెప్పింది" అన్నాను.

పెద్ద బుట్ట బోర్లించి, ఒక్కోటీ మళ్ళీ అడిగాను. అరవై చీటీల్లో పదకొండు అలాంటివే. రెండు నెలలుగా ఆ పదకొండు తప్పుల్నీ సాయిదుర్గ తడుముకోకుండా నేర్చేసుకుంది. పరీక్షకి నెల రోజులు మిగిలాయి. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

చిన్నమ్మలు చేతిలో కాయ కింద పెట్టేసింది. "ఆగితే నాకు తెలుత్తాది గానీ, తప్పు సెప్తే ఎలగ తెలుత్తాది మేస్టారూ? నా గుంటని, నా కన్న పిల్లని, నేనే పాడు సేసేసినాను."

గెలిచానని సంబరపడాల్సింది పోయి నాకు సిగ్గేసింది. ఒక్క ముక్కా అర్థం కాని పాఠాలు రెండు నెలలు రోజూ కూర్చుని విన్న మనిషి ఆవిడ. నా క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కరికి కూడా నేను అంత ఓపిగ్గా చెవి ఒగ్గలేదు.

ఏదో ఒకటి మాట్లాడాలని, "కాఫీ పండు ఎర్రగా ఉంటే మంచిదేనా?" అని అడిగాను.

"కాదండీ. పురుగు తొలిసింది కూడా ఎర్రగానే ఉంటాది. నీళ్ళలో ఏత్తే పైకి తేలిపోతాది." అంతలోనే ఆమె ముఖం మారింది. "మరి దీనికి నీళ్ళేటి?"

"పుస్తకం" అంది సాయిదుర్గ, ముక్కు తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి ఇంకో పని కలిసింది. జవాబు చెప్పాక పుస్తకం తెరిచి మాట మాటా సరిచూసుకోవాలి, ఆ తర్వాతే బుట్ట. చూసినా అర్థం కానివి శనివారం నా దగ్గరికి వచ్చేవి. నేను టైమ్‌టేబుల్‌ని గోడ మీంచి తీసేశాను. తీసేటప్పుడు మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు.

ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. సాయిదుర్గ అన్నీ పాసయింది, సైన్సులో అరవై రెండు. నేనే నడిచి వెళ్ళి చెప్పాను. తల్లీ కూతుళ్ళిద్దరూ తోటలో కలుపు తీస్తున్నారు.

"ముప్ఫై ఐదు దాటినట్టేనా?" అని చిన్నమ్మలు రెండుసార్లు అడిగింది. దాటిందని రెండుసార్లూ చెప్పాను. కూతుర్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. జూన్‌లో పాడేరు హాస్టల్లో చేరి ఇంటర్ చదవాలని చెబితే తలూపింది.

"మరక్కడ నిన్ను ఎవులు అడుగుతారే?"

"ఎవరూ అక్కర్లేదమ్మా. ఎక్కడ ఆగుతన్నానో నాకే తెలిసిపోతంది. నన్ను నేనే అడుక్కుంటాను."

"అదీ మంచిదే" అంది చిన్నమ్మలు. కాసేపు గడ్డి పీకి, తల ఎత్తకుండానే నాతో అంది: "సాయంత్రాలు నాకేటీ తోసదు మేస్టారూ. ఆ పాఠాలు నాకు బోదపడకపోయినా, నా గుంట నాతో మాటాడతన్నట్టు ఉండేది."

సాయిదుర్గ వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. "ఫోన్లో నీకే అప్పజెప్తానే అమ్మా."

"నాకు బోదపడదు గదే."

"బోదపడక్కర్నేదు. నువ్వు వింటే సాలు."

ఆ మాటకి చిన్నమ్మలు ఉన్నచోటే కూలబడి ఏడ్చేసింది.