టీవీ కింద నడిచిన పేరు

తొంభైలలో మేం మహారాష్ట్ర షోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో ఉండేవాళ్లం. నాకప్పుడు పదకొండేళ్లు. మా కేబుల్ ఆయన కంప్యూటర్ కొని, టీవీ తెర కింద పేట కబుర్లన్నీ మరాఠీ అక్షరాలుగా నడిపించేవాడు. తప్పిపోయిన మేక, పెళ్లి, చావు అన్నీ అందులోనే. చావు కబురు చూస్తే మరమగ్గాలు బంద్ చేసి అందరూ వచ్చేవాళ్లు.

మాకు టీవీ లేదు. పక్కింటి లక్ష్మత్త ఇంట్లో అమ్మవాళ్లు బీడీలు చుడుతుంటే, మరాఠీ చదవడం వచ్చింది నాకొక్కదానికే కనుక, ఆ కబుర్లను రాగం తీస్తూ చదివి చెప్పేదాన్ని.

నాన్న దవాఖానాలో చేరిన మూడో రోజు కూడా అదే రాగంతో చదివాను. "మగ్గాల బాలయ్య చనిపోయారు. అంత్యయాత్ర నాలుగింటికి." చదివాకే అది నాన్న పేరని తెలిసింది.

అమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది. "మళ్లోసారి చదువు బిడ్డా," అంది. నేను టీవీ వైపు నుంచి మొహం తిప్పుకున్నాను. అక్షరాలు మాత్రం మళ్లీ తిరిగొచ్చాయి.

కాసేపటికి, దవాఖానాలో నాన్న దగ్గరున్న బాబాయి వచ్చి గడపలోనే కూలబడ్డాడు. "మీ ఇంట్ల టీవీ లేదు గదా వదినా! మగ్గాలు బంద్ చేస్తరని ముందుగాల కేబుల్ వానికి చెప్పిన. నీకు నేనే వచ్చి చెప్దామనుకున్న," అని ఏడ్చాడు.

ఇప్పటికీ ఏ కబురైనా చివరిదాకా మనసులో చదువుకున్నాకే నోరు తెరుస్తాను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ బతికున్నన్నాళ్లూ మళ్లీ నన్నేదీ చదివి వినిపించమనలేదు.