పెద్దమ్మ గోళీలు, నా చీమల పరీక్ష

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో షుగర్ జబ్బును మొదట కనిపెట్టేది డాక్టరు కాదు, చీమలు. పెరట్లో ఎవరు ఏ గోడవార నిలబడి వచ్చారో అక్కడ చీమలు బారులు తీరితే చాలు, ఆ మనిషికి షుగర్ వచ్చిందని ఇల్లంతా తేల్చేసేది. దవాఖానలో రక్తం తీసి చెప్పేది ఆ తర్వాతి మాట. చీమలు చెప్పిందాన్ని కాగితం మీద రాసివ్వడమే డాక్టరు పని అన్నట్టు ఉండేది మా వాళ్ల వరస. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని నేను ఒక పెద్దమనిషి కాలికీ, ఒక పెద్దావిడ మంచి పేరుకూ చేసిన చేటు గుర్తొచ్చి ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. మా చుట్టాల్లో ‘పెద్దమ్మ గోళీలు’ అని ఒక కథ పాతికేళ్లుగా తిరుగుతోంది. అది తప్పు కథ. దాన్ని పుట్టించినవాణ్ని నేనే కాబట్టి అసలు జరిగింది రాయాల్సిందీ నేనే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది రాయికోడ్ దగ్గర పల్లె. జహీరాబాద్‌లో మా పెద్దనాయన ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. బీయస్సీ పాసయ్యాను (కెమిస్ట్రీ మొదటిసారి పోయి రెండోసారికి గట్టెక్కింది, ఆ సంగతి అప్పట్లో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు). ఆ ఇంట్లో నన్ను పేరుతో పిలిచినవాళ్లు లేరు. “బీయస్సీ, జర ఆ మోటర్ బంద్ చెయ్యి”, “బీయస్సీ, కొత్తిమీర తే” అనేవారు. పెద్దనాయనకు చిరాగ్‌పల్లి వైపు చెరుకు, అల్లం పంటలు ఉండేవి. ఫ్యాక్టరీకి చెరుకు పంపినందుకు వాళ్లిచ్చే చక్కెర బస్తా ఎప్పుడూ వంటింట్లో ఒక మూల కొలువుతీరి ఉండేది. రోజుకు ఆరు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాలు. “నా అల్లం, నా చెరుకు. పాలొక్కటే బయటియి” అని గొప్పగా చెప్పుకుంటూ తాగేవాడు.

ఆయన విషయంలో చీమలు చెప్పిన మాట మొదట విన్నది పెద్దమ్మే. “ఇగో, గోడకాడ చీమలు గిట్ల పట్టినయేందయ్యా? రేపు దవాఖానకు పోదాం” అంది. “చెరుకు రైతును గదనే, నా ఒంట్ల గూడ రసమే ఉంటది” అని ఆయన నవ్వేశాడు. దవాఖానలో మాత్రం డాక్టరు నవ్వలేదు. మాత్రలు రాసి, చక్కెర పూర్తిగా మానేయమన్నాడు. చక్కెర లేని చాయ్‌ని పెద్దనాయన రెండు రోజులు తాగి, మూడో రోజు తులసికోటలో పోశాడు. అప్పుడు పెద్దమ్మ మళ్లీ తనే డాక్టరు దగ్గరికి వెళ్లి దారి అడిగింది. మెడికల్ షాపులో దొరికే చిన్న డబ్బా ఒకటి తెచ్చింది. మీట నొక్కితే ఆవగింజంత తెల్ల గోళీ కప్పులో పడుతుంది, చాయ్ తియ్యనవుతుంది. ఆయన మొదట ముఖం అదోలా పెట్టినా తర్వాత అలవాటుపడ్డాడు. రెండు నెలల తర్వాత రక్తపరీక్షలో షుగర్ బాగా దిగింది. పెద్దమ్మ ఆ కాగితాన్ని మడిచి దేవుడి పటాల దగ్గర పెట్టుకుంది. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఒక ఆదివారం మా బావ వచ్చాడు. పెద్దనాయన అల్లుడు, ట్రాక్టర్ల కంపెనీలో ఉద్యోగం, నోరు ఊరుకోదు. చేతిలో ‘డైట్’ అని రాసి ఉన్న నల్ల సోడా సీసా. “మామా, నీ కోసమే తెచ్చిన. ఇండ్ల శక్కర ఇంత గూడ లేదంట, తాగి చూడు” అన్నాడు. పెద్దనాయన ఒక గుక్క తాగి, సీసాను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.

“శక్కర లేకుంటే మరి తియ్యగ ఎట్లుందిరా?”

“అత్త ఏస్తున్న గోళీలల్ల ఏముంటదో ఇండ్ల గూడ అసొంటిదే ఉంటదంట మామా.”

“చెరుకు లేదు, శక్కర లేదు. తియ్యదనం ఏడికెల్లి వచ్చిందంట? ఏం రా బీయస్సీ, నువ్వు చెప్పు. ఇది ఒంటికి మంచిదా, చెడ్డదా?”

అందరూ నా వైపు తిరిగారు. ఎంత మంచి ప్రశ్న అది! చదువుకున్నవాళ్లు ఇవాళ్టికీ దాని చుట్టూనే తిరుగుతున్నారు. నాకు జవాబు తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది. కానీ నాలుగు నెలలుగా ఊరికే కూర్చుని తింటున్నవాణ్ని. పైగా బావ పళ్లు కుట్టుకుంటూ “వానికేం తెలుస్తది మామా, బీయస్సీ అంటే ఉత్త కాగితమే” అన్నాడు. పౌరుషం వచ్చింది. “పరీక్ష చేసి చెప్తా” అని లేచాను.

వంటింటి కిటికీ కింద బయటి అరుగు మీద మూడు సాసర్లు వరసగా పెట్టాను. ఒకదాంట్లో చక్కెర నీళ్లు, ఒకదాంట్లో గోళీలు కలిపిన నీళ్లు, ఒకదాంట్లో ఆ డైట్ సోడా. చీమలు తేలుస్తాయని ప్రకటించాను. షుగర్‌ని పట్టుకున్న చీమలే కాబట్టి వాటి తీర్పుకు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. గోడ మీది నుంచి పక్కింటివాళ్లు తొంగి చూశారు, ఎదురింటివాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. గంట గడిచింది. చక్కెర సాసరు చీమలతో నల్లబడిపోయింది. మిగతా రెండింటి దరిదాపులకు ఒక్క చీమ రాలేదు. నేను గొంతు సవరించుకుని, చీమలకు లక్షల ఏళ్ల అనుభవం ఉందనీ, ప్రకృతి అబద్ధమాడదనీ ఏదో ఉపన్యాసం దంచాను (ఆ ముక్కలు ఏ పుస్తకంలోనివో నాకు ఇప్పటికీ తెలియదు).

“చీమ ముట్టనిది మనిషెట్ల తాగుతడు?” అన్నాడు పెద్దనాయన. గోళీల డబ్బా గోడ అవతలికి వెళ్లిపోయింది. “ఏమేవ్, రెండు చెంచాలేసి మంచిగ ఒక చాయ్ పెట్టు!” అన్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది, బడికి సెలవిచ్చిన పిల్లాడిలా వెలిగిపోయింది. పెద్దమ్మ మాత్రం కదల్లేదు. “డాక్టర్ సాబే మంచిదన్నడు గదయ్యా. షుగర్ గూడ దిగింది గద” అంది మెల్లగా. అప్పుడే బావ ఆ మాట అన్నాడు: “అయితే అత్తా, రెండు నెలల సంది మామకు మందు పెడుతున్నవన్నమాట!”

అందరూ నవ్వారు. భార్య భర్తకు తెలియకుండా తిండిలో ఏదో కలపడాన్ని మా వైపు ‘మందు పెట్టడం’ అంటారు. అది సరదాకి కూడా అనకూడని మాట. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వినట్టు గుర్తు.

సాయంత్రం సాసర్లు తీయడానికి వెళ్లి అరుగు మీదికి వంగినప్పుడు కనబడింది, సన్నటి తెల్ల గీత. అక్కడ ఎండకు పెట్టే పచ్చడి జాడీల కోసం పెద్దమ్మ ఆ పొద్దున్నే చీమల చాక్‌పీసుతో గీసి ఉంటుంది. చూసుకోకుండా నేను చక్కెర సాసరును గీత బయట పెట్టాను, మిగతా రెండూ గీత లోపల ఉన్నాయి. చీమలు రాకపోవడానికి ప్రకృతితో సంబంధం లేదు, ఆ చాక్‌పీసే కారణం. వెంటనే తడిగుడ్డ తెచ్చి, ఎవరూ చూడకుండా ఆ గీతను తుడిచేశాను. నా జీవితంలో నేను చేసిన పనులన్నింటిలోకీ వేగంగా చేసింది అదే అనుకుంటాను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, గోడ అవతల పడ్డ గోళీల డబ్బా ఏరుకొచ్చి, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర పరీక్ష మళ్లీ చేశాను. ఈసారి చీమలు వచ్చాయి. గోళీల నీళ్ల చుట్టూ తిరిగాయి, రెండు మూడు మూతి పెట్టాయి, కాసేపు నిలబడ్డాయి, వెళ్లిపోయాయి. సోడా దగ్గరా అంతే. దాన్నిబట్టి ఏం తేల్చాలో నాకు అంతుపట్టలేదు. వాటికీ తెలిసినట్టు లేదు. వెంటనే వెళ్లి చెప్పేస్తే పోయేదే. కానీ ఈలోపు నా పేరు వీధి దాటింది. ఎదురింటామె పిల్లాడి దగ్గు సీసా పట్టుకొచ్చింది. ఒకాయన పళ్లపేస్టు తెచ్చాడు. “బీయస్సీ, ఇది గూడ జర చీమలకు చూపియ్యి” అనేవారు. ఉద్యోగం లేని నాకు అరుగు మీద ప్రాక్టీసు మొదలైంది. దాన్ని మూసుకోబుద్ధి కాలేదు.

అటు పెద్దమ్మ సంగతి వేరుగా నడిచింది. అంతవరకూ ఆ వీధిలో ఆమె అల్లం చాయ్ తాగనివాళ్లు లేరు. ఇప్పుడు ఎవరొచ్చినా “ఇప్పుడే తాగొచ్చిన వదినె” అంటూ గడప దగ్గరే మాట ముగించేవారు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అననివాళ్లకు ఏమని జవాబు చెబుతుంది? చాయ్ పెట్టనా అని అడగడమే మానేసింది.

మరుసటి ఏడు చెరుకు కొట్టాక పొలంలో మిగిలిన మోడు పెద్దనాయన కాలికి గుచ్చుకుంది. చిన్న గాయమే, మానలేదు. షుగర్ కొండెక్కి కూర్చుందన్నారు. పట్నం దవాఖానలో నెల రోజులుండి, కాలి బొటనవేలు తీయించుకుని వచ్చాడు. “తొమ్మిది వేళ్లకు చెప్పు లూజయితుందిరా బీయస్సీ, దీనికేమన్న పరీక్ష ఉందా?” అని నన్నే నవ్వించబోయాడు. చుట్టాలు మాత్రం అప్పటికే కారణం కనిపెట్టేశారు. ఆ గోళీల విషం ఇంకా ఒంట్లో ఉండిపోయిందట. ఆయన ఇంకా దవాఖానలో ఉండగానే ఒకరోజు అక్కడి వరండాలో పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, “నా చేతులతోనే ఏసిచ్చిన గదరా బిడ్డా. నేనే పాడుచేసిన్నేమో ఆయన్ని” అంది. టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ నేను, “ఫికర్ చెయ్యకు పెద్దమ్మా” అన్నాను. అంతే అన్నాను.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. పెద్దనాయన ఆ తొమ్మిది వేళ్లతోనే పదిహేనేళ్లు తిరిగి, వయసైపోయి వెళ్లిపోయాడు. కథ మాత్రం వెళ్లలేదు. ఏ ఫంక్షన్‌లో చాయ్ కప్పులు తిరిగినా ఎవరో ఒకరు ‘పెద్దమ్మ గోళీలు’ ఎత్తుకునేవారు.

పోయినేడు నాకూ షుగర్ వచ్చింది (ఈసారి చీమలను ఎవరూ సంప్రదించలేదు). డాక్టరమ్మ మా అమ్మాయి కంటే ఐదారేళ్లు పెద్దది, అంతే. ఆమెను వదల్లేదు, పాతికేళ్లుగా దాచుకున్న ప్రశ్నలన్నీ అడిగాను. ఆ గోళీలు విషమా? కాదంది. పరిమితిలో వాడితే భయపడనక్కర్లేదు, పుట్టుకతోనే ఒక అరుదైన లోపం ఉన్నవాళ్లకు మాత్రం అందులో ఒక రకం పడదు, ఆ సంగతి డబ్బా మీదే రాసి ఉంటుందని చెప్పింది. అయితే డైట్ సోడా మంచిదా? మంచిదని తాననలేదంది. చక్కెర సోడా కంటే నయమే, నీళ్ల కంటే కాదు, ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో ఇంకా చూస్తూనే ఉన్నారు అంది. మరి నాలుక తియ్యగా ఉందంటుంటే ఒంటికి ఏమీ అందకపోతే, మోసపోయానని ఒంటికి తెలుస్తుందా? ఆమె కళ్లజోడు తీసి నన్ను చూసి, “మంచి ప్రశ్నే అంకుల్, దాని మీద కూడా వాదనలున్నాయి. బయట ఇంకా పన్నెండు మంది ఉన్నారు” అంది. లేవబోతూ పెద్దనాయన వేలి సంగతి అడిగాను. “ఆ చాయ్‌ల వల్లే అని నేనెలా చెప్పను? కానీ షుగర్ ఉన్నాయన రోజూ ఆరు తియ్యటి చాయ్‌లు తాగితే పుండు మానకపోవడంలో వింతేముంది?” అంది.

అక్కణ్నుంచి తిన్నగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటింది. చేటలో బియ్యం ఏరుకుంటోంది. చాక్‌పీసు, తడిగుడ్డ, బండ దగ్గరి చీమలు, అన్నీ చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపి తలెత్తింది.

“అంటే ఆ గోళీలు ఆయన్ని ఏం చెయ్యలే?”

“ఏం చెయ్యలే పెద్దమ్మా.”

“నేనేం చెయ్యలే?”

“నువ్వు మంచే చేసినవ్. చెడగొట్టింది నేను.”

కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. చేట పక్కన పెట్టి నా వీపు మీద ఒకటి చరిచింది. ఆ వయసులో అంత బలం ఉంటుందనుకోలేదు. “పాతికేండ్లురా! నా అల్లుడు గూడ నేనిచ్చిన చాయ్ వాసన చూసి తాగుతడు. ఇప్పుడొచ్చి చెవుల చెప్తున్నవా? అందరి ముంగట అన్నవ్, అందరి ముంగటనే చెప్పాలె.”

మునిమనవరాల్ని ఉయ్యాల్లో వేసే తొట్టెల ఫంక్షన్‌కు ముహూర్తం అప్పటికే పెట్టి ఉంది. భోజనాలయ్యాక పెద్దమ్మ ముందు వరస కుర్చీలో కూర్చుని నా వైపు చూసింది. మైకు అందుకున్నాను. కెమిస్ట్రీ రెండోసారి రాసిన సంగతితో సహా చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు ఐస్‌క్రీం తింటూ వినలేదు. తల నెరిసిన బావ లేచి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చున్నాడు. “అత్తా, నేనప్పుడు నవ్వులాటకన్న” అన్నాడు. “నువ్వు నవ్వులాటకే అన్నవ్ అల్లుడా. ఊరు నిజమనుకున్నది” అంది ఆమె.

నేను మైకు దించబోతుంటే వెనక నుంచి ఒక కుర్రాడు చేతిలోని డైట్ సోడా డబ్బా పైకెత్తి, “అయితే మామా, ఇంతకీ ఇది మంచిదా, చెడ్డదా?” అని అరిచాడు. ఐస్‌క్రీం తింటున్నవాళ్లు కూడా తలలెత్తారు. అంతమంది నా నోటి వంక చూడడం మళ్లీ ఇన్నాళ్లకు. గొంతు దానంతటదే సవరించుకుంది. డాక్టరమ్మ చెప్పిందానికి నా పైత్యం కొంత కలిపి పది నిమిషాలు లాగడానికి సరిపడా వాక్యాలు నాలుక మీదికి వచ్చేశాయి. పెద్దమ్మ కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది.

“నాకు తెల్వదు. షుగర్ ఉన్నోళ్లు మీ డాక్టర్‌ను అడుగుండ్రి” అన్నాను.

“గీ ముక్క ఆనాడే అంటే అయిపోతుండె గదరా” అంది పెద్దమ్మ. మైకు ఇంకా బంద్ కాలేదు, హాలంతా వినబడింది.

అయిపోయేదే. ఇరవై మూడేళ్ల ఆ బీయస్సీ ఇప్పుడు ఎదురుపడితే పెద్దమ్మ నా వీపు మీద వేసినట్టే వాడికీ ఒకటి వేయాలనిపిస్తుంది. వేశాక పక్కన కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నపుటెండలో ఆ బండ దగ్గర ఒంటరిగా వంగి చీమలను చూస్తూ నిజంగానే ఆశ్చర్యపోయిన ఆ అరగంట గురించి అడగాలనిపిస్తుంది. వాడు సైన్సు చదివిన మనిషిలా ఉన్నది ఆ అరగంటే. ఆ సంగతే వాడు అప్పుడు ఎవరికీ చెప్పలేదు.