మూడో గల్లీ నీళ్ల టైము

2023 జూన్. సూరత్‌లో ఉధ్నా వైపు ఒక తెలుగు మీడియం హైస్కూల్లో పదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతున్నాను. అప్పటికి నా సర్వీసు ఇరవై నాలుగేళ్లు. మా పిల్లలంతా మరమగ్గాల ఇళ్ల నుంచి, పాండేసర అద్దకం మిల్లుల్లో పనిచేసే ఇళ్ల నుంచి వచ్చేవాళ్లే. తాతలు తెలంగాణ నుంచి వచ్చారు, వీళ్లు ఇక్కడే పుట్టారు. తెలుగులో ఎత్తుకున్న మాటను హిందీలో సాగదీసి గుజరాతీలో ముగిస్తారు. నేనూ అలాంటి ఇంటి పిల్లనే. మా నాన్న ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడి నన్ను టీచర్ని చేశాడు.

ఆ ఏడు స్థానిక ప్రభుత్వం పాఠం మొదలుపెడుతూ, మీ కార్పొరేటర్ ఎవరని అడిగాను. కార్పొరేటర్ అంటే మన వార్డు నుంచి నగరపాలక సంస్థకు గెలిచిన సభ్యుడు. శివ అనే కుర్రాడు లేచి ధీమాగా వాళ్ల ఊరి సర్పంచి పేరు చెప్పాడు. క్లాసు నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. వాళ్ల నాన్న ఓటు ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. ఎన్నికలొస్తే రైలెక్కి వెళ్లి వేసి వస్తాడు. ఇక్కడి నీళ్లు తాగుతూ అక్కడ ఓటేసే జనం మేము. ఇక ఈ పాఠం పుస్తకంతో అయ్యేది కాదనిపించి, ప్రాజెక్ట్ వర్క్ పెట్టాను. మన గల్లీలో కార్పొరేషన్ చక్కదిద్దాల్సిన పని ఒకటి ఎంచుకోవాలి, వివరాలు రాసుకోవాలి, అర్జీ రాసి ఆఫీసుకు వెళ్లాలి.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నాకు టైము పిచ్చి. బడి గంట ఏడుంబావుకు కొడుతుంది. ఏడుంబావు దాటి ఒక్క నిమిషానికే నా హాజరు పూర్తయ్యేది. ఫోన్‌లో ఆన్‌లైన్ హాజరు కూడా అప్పుడే ఎక్కించేసేదాన్ని. ఆ తర్వాత వచ్చినవాళ్లు తరగతిలో కూర్చోవచ్చు, పాఠం వినొచ్చు, రాసుకోవచ్చు. కానీ లెక్కలో ఆ రోజు వాళ్లు రానట్టే. పిల్లలు నన్ను వెనక ‘గడియారం టీచర్’ అంటారని తెలుసు. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

ఈ పిచ్చికి ఎక్కువగా బలైంది రజిత. సన్నగా, నెమ్మదిగా ఉండే పిల్ల. చదువులో ముందు వరుసే, రావడం మాత్రం ఎప్పుడూ ఎనిమిదింటికి. ఆగస్టు చివర్లో ప్రిన్సిపల్ సార్ షార్టేజ్ జాబితా పంపారు. హాజరు తక్కువైనవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. అది సరికాకపోతే బోర్డు పరీక్ష ఫారం వెళ్లదు. మా తరగతి నుంచి అందులో ఉన్న పేరు రజితది ఒక్కటే. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. పరీక్ష తప్పితే తల్లి వెంట మిల్లులో చీరలు మడతపెట్టడానికి వెళ్లాల్సిందే, మళ్లీ చదివించే ఓపిక ఆ ఇంటికి లేదు. ఇదంతా తెలిసి కూడా నేను ఆమెను పిలిచి, పొద్దున్నే లేవడం నేర్చుకో అని గట్టిగా చెప్పి పంపాను. ఆమె తలూపి వెళ్లిపోయింది.

ప్రాజెక్ట్‌కి పిల్లలు తెచ్చిన సమస్యల్లో వెలగని దీపాలున్నాయి, పొంగే మురుగు గటర్లున్నాయి, కుక్కలున్నాయి. రజిత కాగితం మీద ఒక్క వాక్యమే ఉంది. మూడో గల్లీలో నీళ్లు వచ్చే టైము మార్చాలి. ఆడపిల్లల్లో సగం మంది దానికే చేతులెత్తారు. సరే, అదే తీసుకుందామన్నాను. రెండు వారాలు రోజూ నీళ్లు ఎప్పుడు వస్తున్నాయి, ఎప్పుడు ఆగుతున్నాయి, కుళాయి దగ్గర ఎవరు నిలబడుతున్నారు, అన్నీ ఒక నోట్‌బుక్కులో రాయమన్నాను. నీళ్లు ఆరూముప్పావుకు వచ్చి ఏడూముప్పావుకు పోతున్నాయి. ఎనిమిది గదులకు ఒకటే కుళాయి, వరుసలో నంబరు తప్పితే ఆ రోజుకు నీళ్లు లేవు. నిలబడేదంతా ఆడపిల్లలే. శివ ఆ పేజీ చూసి, వాళ్లింట్లో కూడా చెల్లెలే నీళ్లు పడుతుందని చిన్నగా ఒప్పుకున్నాడు.

అంత వివరంగా రాసిన నోట్‌బుక్కు నా టేబుల్ మీదే ఉంది. ఎర్ర సిరాతో ‘వెరీ గుడ్’ అని కూడా రాశాను. ఏడూముప్పావు దాకా కుళాయి దగ్గర ఉన్న పిల్ల ఏడుంబావుకు నా ముందు ఎలా ఉంటుందన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదని ఊరికే అనలేదు.

సెప్టెంబరులో పిల్లలు గుజరాతీలో అర్జీ రాశారు. కార్పొరేషన్ జోన్ ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకున్నాం. కాగితం వాళ్లకు అందిందనడానికి రుజువు అదే. రెండోసారి వెళ్లినప్పుడు నీటి విభాగం ఇంజనీరు వెంట వచ్చిన ఐదుగురు పిల్లలనూ నన్నూ లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. నడివయసు గుజరాతీ మనిషి, విసుగు లేని ముఖం. నోట్‌బుక్కు పేజీ పేజీ చూసి, ఆ లైనుకు నీళ్లు వదిలే వాల్వ్‌మన్‌ని పిలిపించాడు. వీధి వీధికీ ఉన్న వాల్వు తిప్పి నీళ్లు మళ్లించే మనిషి ఆయన. తల నెరిసింది, చేతిలో పొడుగాటి తాళం చెవి లాంటి ఇనుప కడ్డీ.

ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఒకే ట్యాంకు, నాలుగు గల్లీలు, ఒకదాని తర్వాత ఒకటి. మీకు గంట ముందుకు జరిపితే రెండో గల్లీ మీ టైములోకి వస్తుంది. అక్కడా పిల్లలున్నారు, వాళ్లకూ పొద్దుటి బడే. ఎవరి నీళ్లు జరపమంటారో మీరే చెప్పండి అన్నాడు. అన్యాయం చేసేవాడు ఒకడు దొరుకుతాడనుకుని వచ్చాం. దొరికింది చాలని నీళ్లు.

తర్వాత ఆయనే రజిత వైపు తిరిగి, నువ్వు బడికి ఎంత లేటవుతావని అడిగాడు. ముప్పావు గంట అంది. ముప్పావు గంటకు ఇంత అర్జీ ఎందుకు బేటీ, వెళ్లి కూర్చుంటే చదువు చెప్పరా అన్నాడు. రజిత తల దించుకుంది. శివ ఆగలేకపోయాడు.

“సాబ్, లేట్ హువా తో పూరా దిన్ ఆబ్సెంట్ లగ్తా హై. ఇస్కా ఫారం నహీ జాయేగా.”

లేటైతే రోజంతా ఆబ్సెంట్ పడుతుంది, ఈమె ఫారం వెళ్లదు అన్నాడు. ఆ ఆబ్సెంట్ ఎవరు వేస్తారని ఇంజనీరు అడిగాడు. పిల్లలు నేల చూస్తున్నారు, ఒకరిద్దరు నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. ఆయనకు అర్థమైంది. మర్యాదస్తుడు కాబట్టి నోట్‌బుక్కు మూసి, టీ తెప్పించాడు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

తిరుగు బస్సులో రజిత పక్కన కూర్చున్నాను. ఈ సంగతి నాతో ఒక్కసారి చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. నా గొంతులో ఇంకా టీచరే ఉంది.

“చెప్పిన టీచర్. జులైల చెప్పిన. బహానాలు చెప్పకు, జర ముందుగాల లేవమన్నరు.”

ఆమె కోపంగా అనలేదు. అడిగారు కాబట్టి చెప్పింది. సాకులు చెప్పకని నేనన్న మాట నాకు గుర్తొచ్చింది. ఆ రోజు హాజరు పట్టీ మీద నుంచి తల కూడా ఎత్తలేదు నేను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అధికారి ఎక్కడున్నాడో చూపిస్తానని పిల్లలను జోన్ ఆఫీసు దాకా తిప్పాను.

ఆ మధ్యాహ్నం ఆన్‌లైన్ హాజరు రూలు మొదటిసారి సరిగ్గా చదివాను. బడి వదిలేలోపు ఎప్పుడు ఎక్కించినా సరిపోతుంది. ఏడుంబావుకే ముగించాలని ఎవరూ చెప్పలేదు, అది నేను పెట్టుకున్న చట్టం. మర్నాటి నుంచి రెండో పీరియడ్ అయ్యాక ఎక్కించడం మొదలుపెట్టాను. కానీ అప్పటిదాకా పడిన ఆబ్సెంట్ల సంగతేమిటి? వాటిని దిద్దాలంటే, టీచరు తప్పుగా ఎక్కించిందని పైఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రిన్సిపల్ సార్ మంచివారే, కాస్త భయస్థులు. ఇన్నేళ్ల సర్వీసులో మీకు ఒక్క మెమో లేదు, ఇప్పుడెందుకమ్మా, ఆ పిల్ల వచ్చే ఏడు రాస్తుంది అన్నారు. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం, అది సర్వీసు పుస్తకంలో ఉండిపోతుంది.

రెండు రోజులు ఆలోచించానని దాచకుండా చెబుతున్నాను. వచ్చే ఏడు అన్నది రజితకు లేదని నాకు తెలుసు. అయినా నా పేరు మీద మచ్చ పడుతుందంటే మనసు వెనక్కు లాగింది. మూడో రోజు రజిత నోట్సులన్నీ తెప్పించాను. పడిన ఆబ్సెంట్ తేదీల్లో పాఠాలు రాసి ఉన్నాయి, వాటి కింద నా ఎర్ర సిరా సంతకాలున్నాయి. ఆ పిల్ల తరగతిలోనే ఉందని అప్పుడే ఒప్పుకుని సంతకం పెట్టింది నేనే. ఇక సాకు మిగల్లేదు. హాజరు నా తప్పు వల్ల తప్పుగా పడిందని, దిద్దమని కోరుతున్నానని రాసి, ఆ పేజీల నకళ్లు జతచేసి ఇచ్చాను. ఏళ్ల తరబడి పిల్లలకు అర్జీ రాయడం నేర్పాను గానీ, నేను సొంతంగా రాసిన మొదటి అర్జీ అదే.

పిల్లలు తమ అర్జీ వదల్లేదు. రజిత, శివ ఒక పొద్దున రెండో గల్లీకి వెళ్లి అక్కడి కుళాయి దగ్గరా నిలబడి చూసి వచ్చారు. పాత అర్జీ వెనక్కు తీసుకుని కొత్తది రాశారు. నాలుగు గల్లీలకూ నెలకోసారి వంతు మార్చండి, అందరం తలా కొంత లేటవుతాం అని అందులో ఉంది. ఆ ఆలోచన నాది కాదు. దానికి జవాబు వాళ్లు పదో తరగతి ముగించి బడి వదిలేలోపు రాలేదు. శివ మాత్రం చెల్లెల్ని టైముకు బడికి పంపి, నీళ్లు తనే పట్టి ఎనిమిదింటికి రావడం మొదలుపెట్టాడు. తల తడిసి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు, నేనేమీ అనేదాన్ని కాదు.

ఫారాల గడువుకు నాలుగు రోజుల ముందు దిద్దిన హాజరు వచ్చింది. దాంతోపాటే నాకు మెమో కూడా వచ్చింది. రజిత ఫారం మీద సంతకం పెట్టడానికి వాళ్లమ్మ మిల్లుకు సెలవు పెట్టి వచ్చింది. నేను జరిగినదానికి క్షమించమన్నాను. ఆమె కంగారుపడి లేచి నిలబడింది. కూర్చోబెట్టి, రజిత నాతో మళ్లీ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

“నీళ్లు నేనే పట్టుదును టీచరమ్మా, గని మిల్లుల ఏడింటికి గేటు మూస్తరు. జర లోపటికి రానియ్యిమని అడిగినోళ్లను మర్నాటి సంది రావద్దంటరు. బడి గూడ గట్లనే ఉంటదనుకున్న. ఒకసారి అడిగినవు గదా బిడ్డా, మల్ల అడగకు, పేరు కొట్టేస్తరని నేనే చెప్పిన.”

ఆమె సంతకం నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మిల్లు గేటుకు భయపడే బతుకు నుంచి నన్ను తప్పించడానికే మా నాన్న చదివించాడు. నేను అదే గేటు తెచ్చి బడికి పెట్టాను.

రజిత పరీక్ష రాసింది, మంచి మార్కులతో పాసై పదకొండో తరగతిలో చేరింది. నా సర్వీసు పుస్తకంలో ఆ మెమో అలాగే ఉంది, ఉండనీ. పిల్లలకు ప్రశ్నించడం నేర్పాలని చాలామంది టీచర్లు అంటారు, నేనూ అనేదాన్ని. వాళ్లకు అడగడం వచ్చు. కానీ భయపడే మనిషి ఒక్కసారే అడుగుతుంది, ఆ ఒక్కసారే మనం తలెత్తి వినాలి.