గోరు దిగిన కాయ

మా పక్కింటి పిన్నిగారు పోయారు. ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా, మా వీధి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో వాళ్ళబ్బాయి పెట్టిన మెసేజ్ చూశాను. నిద్రలోనే ప్రాణం పోయిందట. కింద అప్పటికే అందరూ దండం బొమ్మలు పెట్టేశారు. నేనూ ఒకటి పెట్టి, మీటింగ్‌లో నా వంతు మాట్లాడాను. ఆ పని చేసినందుకు నా మీద నాకు ఇంకా అసహ్యంగానే ఉంది.

ఆవిడ నాకు చుట్టం కాదు. కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా రెండిళ్ళకీ మధ్య ఒక చెక్క కంచె, వాళ్ళ వైపు ఒక ప్లమ్ చెట్టు, అంతే. ఆరేళ్ళ కిందట కొడుకు దగ్గరికి వచ్చిన కొత్తలో కంచె మీంచి పిలిచారు.

"అమ్మాయ్, ఈ కాయలేవిటి?"

"ప్లమ్స్ పిన్నిగారూ. జూన్‌కి పండుతాయి, అప్పుడు తినొచ్చు."

"పండేదాకా ఎందుకూ?" అంటూ ఒక పచ్చికాయ కొరికి, ఒక కన్ను మూసుకున్నారు. "పెరట్లో ఇంత పులుపు పెట్టుకుని, ఆ షాపులో చప్పిడి మామిడికాయలు కొంటున్నారా మీరంతా?"

ఆ ఏడు ప్లమ్ ఆవకాయ పెట్టారు. అప్పట్నుంచి ఏటా ఏప్రిల్ చివర అది మా ఇద్దరి పని. నేను నిచ్చెనెక్కి కోసేదాన్ని. ఆవిడ కింద నిలబడి ప్రతి కాయనీ బొటనవేలి గోటితో నొక్కి చూసేవారు. "గోరు దిగిందంటే పండుకి తిరిగినట్టే. ఊరాక మెత్తబడి పరువు తీస్తుంది." కడిగి, తుడిచి, పాత నూలు చీర మీద ఆరబోసి, గుత్తివంకాయకి పెట్టినట్టు గాట్లు పెట్టేవారు. నా చెయ్యి ఏమాత్రం తడిగా ఉన్నా వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. మూడో నాడు సీసా తిరగకలిపి, "వేడన్నం వండాను, రా" అని కబురు పెట్టేవారు.

వాళ్ళింట్లో ఆ ఆవకాయ ఎవరూ ముట్టుకోరు. మనవలు ముక్కు మూసుకుంటారు. కొడుకు "అమ్మా, సోడియం" అంటాడు. సీసాలు గరాజ్‌లో ఉండేవి. ఆవిడ పెట్టింది తినే మనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఈ ఏడు మోకాళ్ళ నొప్పులు ముదిరాయని కొడుకు ఆవిణ్ణి నిచ్చెన దగ్గరికే వెళ్ళొద్దన్నాడు.

"కాయలు సరిగ్గా ఉన్నాయి అమ్మాయ్. ఎప్పుడొస్తావు?"

"శనివారం పక్కా పిన్నిగారూ."

ఆ శనివారం మా అమ్మాయికి సాకర్ మ్యాచ్. పై వారం ఆఫీస్‌లో రిలీజ్. మూడో వారం చెప్పుకోవడానికి సాకు కూడా లేదు. సోఫాలో పడుకుని ఫోన్ చూస్తున్నాను. వంటింటి కిటికీలోంచి ఆవిడ చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ కనిపించారు. నేను లేచి బ్లైండ్స్ దించాను.

నాలుగో ఆదివారం వెళ్ళాను. ఆవిడ ఒక కాయ నా చేతిలో పెట్టారు. "నొక్కి చూడు." గోరు అడ్డు లేకుండా లోపలికి దిగిపోయింది. వేలంతా రసం.

"పోనీలే అమ్మాయ్. వచ్చే ఏడు చూద్దాం."

"తప్పకుండా పిన్నిగారూ," అన్నాను. నిజం చెప్పొద్దూ, ఒక పని తప్పిందని హాయిగా అనిపించింది. ఆ తర్వాత రెండు వారాలకి ఆవిడ లేరు.

కర్మకాండలన్నీ అయ్యాక వాళ్ళబ్బాయి మా తలుపు కొట్టాడు. చేతిలో గాజు సీసా, మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది.

"అక్కా, గరాజ్ క్లీన్ చేస్తుంటే దొరికింది. మీ పేరు రాసుంది. ఏదో పౌడర్‌లా ఉంది, పడేయమంటారా?"

"వద్దు. ఇలా ఇవ్వు," అన్నాను.

లోపలికి తెచ్చి గుడ్డ విప్పాను. ఆవపిండి, కారం, దంచిన ఉప్పు, ఆవిడ పాళ్ళలో కలిపి ఉన్నాయి. ఘాటు ఇంకా పోలేదు. సీసా మీద కాగితంపై నా పేరు, దాని కింద నేను వస్తానన్న ఆ మొదటి శనివారం తేదీ.

ఇప్పుడు చెట్టు నిండా పండ్లే. మా కంచె ఇవతల రాలి, చితికి, చీమలు పడుతున్నాయి. సీసా మా వంటింటి గట్టు మీదే ఉంది. పొడి సగానికి ఉంది. పై సగం కాయల కోసం వదిలారు.