ఎప్పుడూ గొడవ పడని మనిషి

ఎవరు ఎదుటివాళ్లతో ఎలా మెలగుతారో నాలుగు ప్రశ్నలడిగి తేల్చేస్తామనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట గిద్దలూరులో ఒక ప్రైవేటు బాలికల హాస్టల్ వరండాలో అంటుకుంది.

అక్కడ ఒక్క ఆయా ఉద్యోగం ఉంది. ఆయా కూతురు అక్కడే ఉండి చదువుకోవచ్చు. చివరికి మిగిలినవాళ్లు ఇద్దరు. అర్ధవీడు వైపు ఊరిలో గొర్రెలు కాసుకునే ఇంటి తోడికోడళ్లు. చిన్నామె భర్త హైదరాబాదులో కూలికి పోయాడు. ఉద్యోగం రాకపోతే కూతురిని బడి మాన్పించి తనూ అక్కడికే పోవాలి.

"ఈసారి ఆయాను సైంటిఫిక్‌గా తీసుకుంటున్నాం, వచ్చి రాయండి" అని హాస్టల్ నడిపే కరస్పాండెంటు పిలిస్తే విలేకరిగా వెళ్లాను. టీచరమ్మ ప్రశ్న చదివి, చెప్పిన జవాబుకు టిక్కు పెడుతోంది.

"ఇరుగుపొరుగుతో గొడవ పడతారా?"

"ఎప్పుడూ లేదు," అంది పెద్ద తోడికోడలు.

అబద్ధం కాదు. ఆ పల్లెల్లో పగ ముదిరితే అరుపులుండవు. 'వాళ్లకూ మాకూ మాటల్లేవు' అంటారు, అంతే. ఆమెకు తోడికోడలితో మాటల్లేవు, అటు పక్కింటితోనూ లేవు. మందలు కలిసిపోయినా, మీ గొర్రెలు తోలుకుపొమ్మని మూడో మనిషితో చెప్పి పంపుతుందట. మాటే లేనిచోట గొడవెక్కడిది?

తర్వాత చిన్నామె వంతు.

"రోజూ పడతా మేడమ్."

"రోజూనా?"

"పక్కింటి అత్తతో. పడకుంటే నాకు అన్నం యాడ దిగుతాది?"

ఆ అత్త వరండాలో చిన్నామె కూతురిని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పెద్దామె సంగతులు నాకు చెప్పింది ఆమే. లోపలికి వినపడేలా అరిచింది: "ఎంతసేపే? పిల్లకు ఆకలైతాంది, నీ పరీచ్చ పాడుగాను!"

"వస్తాండా, నోరు మూసుకో అత్తా!"

టీచరమ్మ 'ఎల్లప్పుడూ' మీద టిక్కు పెట్టింది.

కరస్పాండెంటును అడిగాను: "ఈ ప్రశ్నలు ఇక్కడి మనుషులను సరిగ్గా కొలుస్తాయని ఎవరు చూశారండీ?"

"హైదరాబాదులో పెద్దవాళ్లు తయారుచేశారు సార్. ఆఫీసు ఉద్యోగుల మీద చూసే ఇచ్చారు."

"ఈ ఇద్దరి ఊళ్లో ఎవరినైనా అడిగారా?"

"ఊళ్లో అడిగితే పక్షపాతం వస్తుంది కదండీ." ఆయన నవ్వాడు. గుడ్డ కొలిచే గజంబద్దతో గోధుమలు కొలిచేవాడి ధీమా అది. రోజూ తిట్టుకుంటూ ఒకరి పిల్లను ఒకరు సాకడం ఆయన కాగితంలో దురుసుతనం. ఏళ్లతరబడి ముఖం చూడకపోవడం మంచి నడవడిక.

మధ్యాహ్నానికల్లా ఉద్యోగం పెద్దామెకు ఇచ్చారు. ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా గేటు దాటి వెళ్లిపోయింది.

చిన్నామె మెట్ల మీద కూర్చుంది. "నాకేందన్నా తక్కువ?" అంది నన్ను చూసి. లేచి కొంగు దులుపుకుంది.

"అత్తా, హైదరాబాదు పోతాండా, గొర్రెల్ని నీకాడ ఇడిసిపోతా."

"ఇడువు. నాకేం పనీపాటా లేదు గదా! ఒకటి చచ్చినా ఫోన్‌లో నా మీద పడి అరుద్దువు గాని."

"అరుస్తా మరి, అరవనా?"

"అరుచుకో," అంది ముసలామె. పిల్లను మాత్రం ఒడిలోంచి దించలేదు.