సదయ్య మనవడి డ్యూటీ

వీరేందర్ పుట్టింది గోదావరిఖని గని కార్మికుల కాలనీలో, ఆట నేర్చింది మాత్రం మస్కట్‌లో. నాన్న రాజం టైల్స్ పనికి అక్కడికి పోతూ భార్యనూ ఐదేళ్ల కొడుకునూ వెంట తీసుకుపోయాడు. ఎండిన వాగు పక్కన రాళ్ల మైదానంలో పిల్లవాడికి ఫుట్‌బాల్ దొరికింది. ఇక చదువు సంధ్యలు గాలికి పోయాయి. పద్దెనిమిదేళ్లు వచ్చాక అక్కడి క్లబ్బువాళ్లు భుజం తట్టి మరీ చెప్పారు: ఆట బాగుంది, కానీ నువ్వు ఈ దేశం వాడివి కాదు, జట్టులో చోటు లేదు. నాకూ ఒక దేశం ఉంది కదా అని ఒక్కడే బయల్దేరి వచ్చేశాడు.

వచ్చాక ఏమైంది? కోల్‌కతాలో ఓ చిన్న క్లబ్బు తీసుకుంది. అక్కడ వాణ్ణి అందరూ "మస్కట్" అనే పిలిచారు. సొంత దేశంలో పరాయివాడవడం అంటే ఇదే కాబోలు! తర్వాత గోవా, ఆ తర్వాత హైదరాబాద్. ఏడాదికో ఒప్పందం, ఏడాదికో అద్దె గది. వెనక వరసలో నిలబడి ఎదుటివాళ్లను ఆపడం వాడి పని. ఎనిమిదేళ్లలో ఒక్క గోల్ కొట్టలేదు. అలాంటివాడి ఫొటో పేపర్లో ఎవరు వేస్తారు?

పేపర్లో రాకపోతే పోయింది. వాణ్ణి తినేసింది తాత మాట. సదయ్య ముప్పై రెండేళ్లు భూగర్భ గనిలో బొగ్గు నింపిన మనిషి. మనవడు సెలవులకు వచ్చినప్పుడల్లా మంచం పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగేవాడు.

"ఇంకెన్నొద్దులు ఆడుతవ్ బిడ్డా? నౌకరి ఎప్పుడు జూసుకుంటవ్?"

"గిదే నౌకరి తాతా. జీతమిస్తరు."

"ఆడుకుంటందుకు జీతమిస్తే నౌకరైతదా?"

ఆయన వెక్కిరింపుకు అనలేదు. ఆయన షిఫ్టుకు పోయిన రోజుల్లో, గనిలోంచి పైకొచ్చి గుమ్మం తొక్కేదాకా నానమ్మ మల్లక్క మెతుకు ముట్టేది కాదు. ఆ ఇంట్లో నౌకరి అంటే అదీ. బంతి తన్నేవాడి కోసం పస్తులెవరుంటారు?

కిందటేడు వీరేందర్ మోకాలు దెబ్బతింది. ఈ సీజన్‌తో సరి అని క్లబ్బు చెప్పేసింది. చివరి మ్యాచ్ గోదావరిఖనిలోనే పడింది. వాడు తాత కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఒక్కసారి అచ్చి సూడు తాతా. సూసినంక గూడ నౌకరి కాదంటె ఇగ ఊకుంట."

ముసలాయన కాదనలేకపోయాడు.

గనిలో పాత జతగాడు ఎల్లేశం తోడు వచ్చాడు. ఇద్దరినీ మొదటి వరసలో కూర్చోబెట్టారు. రిఫరీ విజిల్ ఊదాడో లేదో, సదయ్య చటుక్కున లేచి, గ్యాలరీ మలుపు తిరిగి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. జనం పకపకా నవ్వారు. గనిలో మందు పేల్చే ముందు విజిల్ వేస్తారు మరి. అది వినపడితే మలుపు చాటుకు పోవాలి. ఆలోచించి చేసే పని కాదది, కాళ్లే చేస్తాయి. ఎల్లేశం కూడా సగం లేచి, సిగ్గుపడి మళ్లీ కూలబడ్డాడు. తర్వాత పోయి మిత్రుణ్ణి తీసుకొచ్చాడు. మళ్లీ విజిల్, మళ్లీ సదయ్య గోడ దగ్గరే. నాలుగోసారికి ఆయాసం ముంచుకొచ్చి, అక్కడే ఉండిపోయి, మలుపులోంచి తొంగి చూడసాగాడు.

ఎనభయ్యో నిమిషంలో పెనాల్టీ దొరికింది. నీకిదే ఆఖరు మ్యాచ్ కదా, నువ్వే కొట్టు అని కెప్టెన్ బంతి వాడి చేతికిచ్చాడు. విజిల్ మోగింది. వీరేందర్ కొట్టాడు, వల అదిరింది. ఎనిమిదేళ్లకు ఒక్క గోల్! మైదానమంతా లేచి అరుస్తుంటే వాడు మొదటి వరస వైపు చూశాడు. తాత కుర్చీ ఖాళీగా ఉంది.

ఆట ముగిశాక, ఎల్లేశం చెయ్యి చూపిస్తే, కుంటుకుంటూ గ్యాలరీ వెనక్కి పోయాడు. కోపం, ఏడుపు కలిసే వచ్చాయి.

"నా గోల్ సూడనే లేదు గదా తాతా!"

సదయ్య ఆ మాట వినిపించుకోలేదు. మనవడి రెండు భుజాలూ పట్టుకుని, తలా చేతులూ తడిమి, వాచిన మోకాలి మీద చెయ్యి వేసి చూశాడు.

"విజిల్ గొట్టంగ నువ్వు జరుగవేందిరా? ఎప్పుడు సూసినా ముంగటనే నిలవడ్డవ్."

"నిలబడాలె తాతా. గదే నా పని."

"ఎనిమిదేండ్ల సంది గిట్లనేనా?"

"ఆ."

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "నాకెవలు జెప్పలే బిడ్డా. ఎరుకైతే ఇన్నొద్దులు నీ కోసం ఫికర్ జేస్తుంటి గదరా."

ఇంటికి చేరగానే, గుమ్మంలో కాలు పెట్టకముందే మల్లక్కకు కేకేశాడు.

"ఏమేవ్, పోరడు డ్యూటీకెళ్ళి అచ్చిండు. జల్ది బువ్వ వెట్టు."